జన్యు పరీక్ష: మన రుచుల గురించి, మన పిల్లల ప్రతిభ గురించి ఎంతవరకు చెప్పగలదు?



ప్రతి ఏటా ఈ సంచికలో చదువుకు, ఆరోగ్యానికి సంబంధించిన ఒక విషయాన్ని తీసుకుని, మాకు అర్థమైనంతవరకు వివరిస్తూ వస్తున్నాం. ఈసారి తీసుకున్న విషయం కొత్తది. కాని అది మన ఇంటి గుమ్మం దాకా వచ్చేసింది. ఎలా వచ్చిందో ముందు చెబుతాం.

పోయిన ఏడాది స్కాలర్‌షిప్ దరఖాస్తులు పరిశీలిస్తున్న రోజుల్లో బొల్లారంలోనే ఉండే ఒక తండ్రి మా దగ్గరికి వచ్చారు. ఆయన కూతురు తొమ్మిదో తరగతి. మూడేళ్లుగా మన సొసైటీ స్కాలర్‌షిప్‌తో చదువుతోంది. లెక్కల్లో ఎప్పుడూ ముందే. టెన్త్ తర్వాత ఎంపీసీ తీసుకోవాలని ఆ పాప కోరిక. ఆ తండ్రి ఒక రంగుల రిపోర్టు మా ముందు పెట్టి, "భాయ్‌సాబ్, పాప మామూ గల్ఫ్ నుంచి డబ్బు పంపి చేయించాడు. డీఎన్ఏ టెస్టు. ఇందులో లెక్కలు తక్కువ అని వచ్చింది. మరి ఎంపీసీ వద్దంటారా?" అని అడిగారు.

వేరే ఊరిలోని ఒక కంపెనీ ఇచ్చిన రిపోర్టు అది. గణిత సామర్థ్యం తక్కువ అని ఒక పేజీలో ఉంది. ఓర్పు కావలసిన ఆటలు అనుకూలం అని ఇంకో పేజీలో ఉంది. చేదు బాగా తెలుస్తుంది, పాలు సరిపడవు, కాఫీ టీలు మెల్లగా అరుగుతాయి అని కూడా ఉన్నాయి. ఆ పాప అక్కడే నిలబడి ఉంది. "దాదీ చేసే కాకరకాయ వేపుడు నాకు చాలా ఇష్టం అంకుల్. రోజూ రాత్రి గ్లాసుడు పాలు తాగుతాను" అని మెల్లగా అంది. తండ్రి మాత్రం, "మెషీన్ చెప్పింది కదా" అన్నారు.

సరిగ్గా ఆ నెలలోనే, మన సొసైటీ మేలు కోరే ఒక దాత మంచి మనసుతో ఒక సూచన పంపారు. స్కాలర్‌షిప్ పొందే పిల్లలందరికీ ఇలాంటి పరీక్ష చేయిస్తే, ఎవరిని ఏ చదువుకు పంపాలో తెలుస్తుంది, డబ్బు వృథా కాదు అని. ఈ రెండు ప్రశ్నలకూ సమాధానం చెప్పాల్సిన బాధ్యత మా మీద పడింది. మీరిచ్చే ప్రతి రూపాయి మా దగ్గర అమానత్. తెలియని దాని మీద ఖర్చు పెట్టకూడదు. తెలియని దాన్ని కాదనకూడదు కూడా. అందుకే తెలిసినవారిని అడిగి, చదివి, మేము అర్థం చేసుకున్నది ఇక్కడ రాస్తున్నాం.

ఈ శాస్త్రం మనకు దూరమేమీ కాదు

బొల్లారం నుంచి రాజీవ్ రహదారి మీద హకీంపేట, తూంకుంట దాటి శామీర్‌పేట వైపు వెళితే జీనోమ్ వ్యాలీ వస్తుంది. ఆ పేరే జన్యుశాస్త్రం నుంచి వచ్చింది. నగరంలో హబ్సిగూడ దగ్గర 1977లో మొదలైన సీసీఎంబీ ఉంది. 1996లో ఏర్పడిన సీడీఎఫ్‌డీ డీఎన్ఏ పరీక్షలకు దేశమంతటా పేరున్న సంస్థ. నేరుగా ప్రజలకు జన్యు రిపోర్టులు అమ్మే కంపెనీలు కూడా హైదరాబాద్‌లో పుట్టాయి. మ్యాప్‌మైజీనోమ్ అనే సంస్థ తన రిపోర్టుకు ‘జీనోమ్‌పత్రి’ అని పేరు పెట్టింది. వినగానే జన్మపత్రి గుర్తుకొచ్చే పేరు. డాక్టర్ చీటీ లేకుండా ఎవరికి వారు చేయించుకునే ఈ పరీక్షలను మొదట ప్రపంచానికి అలవాటు చేసినది అమెరికాలో 2006లో మొదలైన 23అండ్‌మీ కంపెనీ.

పరీక్ష ఎలా జరుగుతుంది?

ఒక చిన్న గొట్టంలో కాస్త ఉమ్మి వేసి పంపాలి. లేదా బుగ్గ లోపలి వైపు దూదిపుల్లతో రుద్ది పంపాలి. అందులోని కణాల నుంచి డీఎన్ఏ తీస్తారు. డీఎన్ఏ అంటే నాలుగే అక్షరాలతో రాసిన ఒక పెద్ద గ్రంథం అనుకోండి. అమ్మ నుంచి ఒక ప్రతి, నాన్న నుంచి ఒక ప్రతి వస్తాయి. ఒక్కో ప్రతిలో సుమారు 300 కోట్ల అక్షరాలు ఉంటాయి. అందులో సుమారు 20,000 జన్యువులు. ఏ ఇద్దరు మనుషుల గ్రంథాలను పక్కపక్కన పెట్టినా దాదాపు వెయ్యి అక్షరాలకు ఒకటి మాత్రమే తేడా ఉంటుంది.

సాధారణంగా ఈ కంపెనీలు మొత్తం గ్రంథాన్ని చదవవు. మనుషుల మధ్య తేడాలు ఉంటాయని ముందే తెలిసిన చోట్లను మాత్రమే ఒక చిప్ మీద చూస్తాయి. అవి ఐదారు లక్షలు ఉంటాయి. అంటే సుమారు ఐదు వేల అక్షరాలకు ఒకటి. ఆ చదవడంలో తప్పులు చాలా తక్కువ. అసలు చిక్కు చదివినదానికి అర్థం చెప్పేటప్పుడు వస్తుంది. రిపోర్టులో ఉండే "తక్కువ", "ఎక్కువ", "అనుకూలం" అనే మాటలన్నీ ఆ అర్థం చెప్పే పనిలో పుట్టినవే.

చేదు సంగతి

ముందు రుచుల గురించి చూద్దాం. ఈ పరీక్షల్లో కాస్త గట్టి ఆధారం ఉన్న విషయాల్లో చేదు ఒకటి.

1931లో అమెరికాలోని డ్యూపాంట్ కంపెనీ ప్రయోగశాలలో ఆర్థర్ ఫాక్స్ అనే రసాయన శాస్త్రవేత్త పీటీసీ అనే పొడితో పని చేస్తున్నారు. పొడి కాస్త గాలిలోకి లేచింది. పక్కనున్న సహోద్యోగి నోరంతా చేదుగా ఉందన్నారు. ఫాక్స్‌కు మాత్రం ఏ రుచీ తెలియలేదు. ఇద్దరూ మళ్లీ నాలుక మీద వేసుకుని చూశారు. అదే ఫలితం. ఆ తర్వాత ఎంతోమందిని పరీక్షిస్తే, ఈ తేడా కుటుంబాల్లో వంశపారంపర్యంగా వస్తోందని తేలింది. దానికి కారణమైన జన్యువును 2003లో కనుక్కున్నారు. దాని పేరు టీఏఎస్‌2ఆర్38. పీటీసీ చేదు ఒకరికి తెలుస్తుందా లేదా అన్నది ఈ ఒక్క జన్యువు చూసి చాలావరకు చెప్పవచ్చు.

మరి ఆ పాపకు కాకరకాయ ఎందుకు నచ్చింది? మన నాలుక మీద చేదును పట్టే గ్రాహకాలు సుమారు 25 రకాలు ఉన్నాయి. రిపోర్టులో చూసినది అందులో ఒక్కదాన్ని. పీటీసీలో ఉండే ఒక ప్రత్యేకమైన గంధకపు కూర్పును అది గుర్తుపడుతుంది. క్యాబేజీ, ఆవ జాతి కూరగాయల చేదుకు దానితో సంబంధం ఉంది. కాకరకాయ చేదు వేరే పదార్థాల వల్ల వస్తుంది. కాబట్టి ఆ రిపోర్టులోని అక్షరం నిజమే కావచ్చు. దాన్ని పట్టుకుని "ఈ పాపకు చేదు పడదు" అనడం తప్పు. పైగా చేదు తెలియడం వేరు, చేదు నచ్చకపోవడం వేరు. చిన్నప్పటి నుంచి దాదీ చేతి వేపుడు తిన్న పిల్లకు ఆ చేదే ఇష్టమవుతుంది.

కొత్తిమీర, పాలు, టీ

కొందరికి కొత్తిమీర సబ్బులా అనిపిస్తుంది. మన బిర్యానీ తినేవాళ్లకు ఈ మాట వింతగా ఉంటుంది. 2012లో 23అండ్‌మీ పరిశోధకులు తమ ఖాతాదారుల్లో వేలమందిని అడిగి, వాసన పట్టే ఓఆర్6ఏ2 అనే జన్యువు దగ్గర ఒక తేడాకు దీనితో సంబంధం ఉందని చూపించారు. అయితే ఈ సబ్బు రుచి విషయంలో మనుషుల మధ్య ఉన్న తేడాలో తాము చూసిన జన్యు తేడాల వాటా పదో వంతు కూడా లేదని వాళ్లే లెక్క కట్టారు. అదే ఏడాది కెనడాలో యువతీయువకుల మీద జరిగిన ఇంకో అధ్యయనంలో తూర్పు ఆసియా మూలాలున్నవారిలో 21 శాతం మందికి కొత్తిమీర నచ్చలేదు. మన దక్షిణాసియా మూలాలవారిలో ఆ సంఖ్య 7 శాతం, మధ్యప్రాచ్యం మూలాలవారిలో 3 శాతం మాత్రమే. ఏ వంటల్లో కొత్తిమీర రోజూ పడుతుందో ఆ ఇళ్లలో పెరిగినవారికి అది నచ్చుతుంది. నాలుకకు జన్యువు ఎంత నేర్పుతుందో, వంటిల్లు అంతకన్నా ఎక్కువ నేర్పుతుంది.

పాల సంగతి ఇంకా నేర్చుకోదగినది. పాలలోని చక్కెర పేరు లాక్టోజ్. దాన్ని అరిగించే లాక్టేజ్ అనే ఎంజైము పసిపిల్లలందరిలో ఉంటుంది. చాలామందిలో పెద్దయ్యే కొద్దీ తగ్గిపోతుంది. కొందరిలో ఒక్క అక్షరం తేడా వల్ల జీవితాంతం నిలుస్తుంది. సీసీఎంబీ శాస్త్రవేత్తలు కూడా పాల్గొన్న ఒక అధ్యయనం 2011లో వెలువడింది. దేశమంతటి నుంచి రెండు వేలకు పైగా నమూనాలు చూసి, యూరప్ వాళ్లలో ఉన్న అక్షరం తేడాయే మన దేశంలోనూ ఉందని, వాయవ్యంలో ఎక్కువగా, దక్షిణానికి, తూర్పుకు వచ్చే కొద్దీ తక్కువగా ఉందని అది చూపించింది. అంటే తెలుగు నేలలో చాలామందికి ఈ రిపోర్టు "పాలు సరిపడవు" అనే చెబుతుంది. కాని ఎంజైము తగ్గినవారిలో కూడా చాలామంది ఒక గ్లాసు పాలు ఏ ఇబ్బందీ లేకుండా తాగగలరు. పెరుగులో లాక్టోజ్ కొంత ముందే తగ్గిపోతుంది. పాప రోజూ గ్లాసు పాలు తాగి హాయిగా ఉంటే, ఆ సాక్ష్యం రిపోర్టు కన్నా పెద్దది.

టీ కాఫీల్లోని కెఫీన్‌ను కాలేయంలో విరిచేది ముఖ్యంగా సీవైపీ1ఏ2 అనే ఎంజైము. కొందరిలో అది వేగంగా, కొందరిలో మెల్లగా పని చేస్తుంది. అందులో జన్యువు పాత్ర ఉంది. కాని సిగరెట్ తాగేవారిలో అదే ఎంజైము వేగం పెరుగుతుంది. ఒకే జన్యువు, అలవాటు మారితే పని మారింది. సాయంత్రం ఇరానీ చాయ్ తాగితే నిద్ర పడుతుందో లేదో తెలుసుకోవడానికి వేల రూపాయల పరీక్ష అక్కర్లేదు. రెండు రోజులు మానేసి చూస్తే చాలు.

ఒక అక్షరం వేరు, వేల అక్షరాలు వేరు

ఇంతవరకు చెప్పినవి ఒకటి రెండు జన్యువుల మీద ఆధారపడినవి. వాటిలోనే ఇంత తిరకాసు ఉంటే, లెక్కలు, జ్ఞాపకశక్తి, ఆటలు, స్వభావం లాంటి వాటి మాటేమిటి?

ఎత్తునే తీసుకోండి. టేపుతో కొలవగలిగేది, తల్లిదండ్రుల నుంచి బాగా వచ్చేది. 2022లో 54 లక్షల మంది వివరాలతో ఒక అధ్యయనం వెలువడింది. ఎత్తుతో సంబంధం ఉన్న అక్షరం తేడాలు 12,000కు పైగా దొరికాయి. అవన్నీ కలిపి చూసినా, యూరప్ మూలాలవారిలో ఎత్తు తేడాల్లో సుమారు 40 శాతమే వివరించగలిగారు. ఇతర మూలాలవారిలో అది 10 నుంచి 20 శాతానికి పడిపోయింది.

ఇక చదువు. అదే 2022లో 30 లక్షల మందితో, ఎవరు ఎన్నేళ్లు చదువుకున్నారు అన్నదాని మీద అధ్యయనం జరిగింది. దాదాపు 4,000 చోట్ల తేడాలు దొరికాయి. అవన్నీ కలిపిన లెక్క కూడా యూరప్ మూలాలవారి చదువు తేడాల్లో 12 నుంచి 16 శాతమే వివరించింది. అందులోనూ కొంత భాగం జన్యువు నేరుగా చేసిన పని కాదు. చదువుకున్న తల్లిదండ్రులు జన్యువులతో పాటు పుస్తకాలు, ట్యూషన్లు, ప్రశాంతమైన ఇల్లు కూడా ఇస్తారు. ఒకే ఇంట్లో పెరిగిన అన్నదమ్ములను, అక్కచెల్లెళ్లను పోల్చి చూస్తే ఆ లెక్క బలం బాగా తగ్గిపోతుంది. ఒక్కో మనిషి ఎంత చదువుతాడో ఈ లెక్కతో చెప్పలేమని ఆ అధ్యయనం చేసినవారే స్పష్టంగా చెప్పారు.

ఆటల సంగతీ అంతే. కండరాల్లోని ఏసీటీఎన్3 అనే జన్యువును "పరుగు జన్యువు" అంటారు. 2003లో ఆస్ట్రేలియా పరిశోధకులు మేటి స్ప్రింటర్లలో దాని పనిచేసే రూపం ఎక్కువగా ఉందని చూపించారు. నిజమే. కాని ఆ రూపం ప్రపంచంలో వందల కోట్ల మందికి ఉంది. వాళ్లందరూ ఒలింపిక్స్‌కు వెళ్లలేదు. క్రీడా వైద్య, జన్యు నిపుణులు 2015లో ఒక ఉమ్మడి ప్రకటన చేశారు. ప్రతిభ కనిపెట్టడానికి పిల్లలకు, యువ క్రీడాకారులకు ఇలాంటి పరీక్షలు అసలు చేయించకూడదని అందులో చెప్పారు.

ఇది చదివాక మాకు ఆ పాప రిపోర్టులోని గణితం పేజీ ఎంత బలహీనమైనదో అర్థమైంది. ఆ పేజీ పక్కన ఆమె మూడేళ్ల మార్కుల కాగితాలు పెట్టి చూశాం. ఆ కాగితాలు ఆమె నిజంగా చేసిన లెక్కలకు వచ్చినవి.

ఎవరి లెక్కతో మన రిపోర్టు?

ఇంకో విషయం దాతలు గమనించాలి. ప్రపంచంలో ఇలాంటి అధ్యయనాల్లో ఎక్కువ భాగం యూరప్ మూలాలవారి మీద జరిగాయి. వాళ్ల సగటులతో తయారైన కొలబద్ద మన పిల్లలకు సరిగా సరిపోదు.

పాల ఉదాహరణకే మళ్లీ వద్దాం. అరబ్బు నేలలో ఒంటె పాల మీద బతికినవారిలో పాలు అరిగించే శక్తి యూరప్ వాళ్ల అక్షరం వల్ల రాలేదు. దానికి కాస్త పక్కన ఉన్న వేరే అక్షరం వల్ల వచ్చింది. మన నగరంలో బార్కస్ లాంటి చోట్ల అరబ్బు మూలాలున్న కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. యూరప్ అక్షరాన్ని మాత్రమే చూసే చిప్, అలాంటి ఇంటి మనిషికి పాలు హాయిగా అరుగుతున్నా "పాలు పడవు" అని చెప్పే అవకాశం ఉంది.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది. గుండె కండరానికి సంబంధించిన ఎంవైబీపీసీ3 జన్యువులో 25 అక్షరాలు లోపించే మార్పు ఒకటి దక్షిణాసియా ప్రజల్లో దాదాపు 4 శాతం మందిలో ఉందని, గుండె బలహీనపడే జబ్బుతో దానికి సంబంధం ఉందని 2009లో సీసీఎంబీ శాస్త్రవేత్తలు, వారితో పని చేసినవారు చూపించారు. ఇది మన ప్రాంతపు మనుషుల్లో వెతికితేనే దొరికిన విషయం. అందుకే 10,000 మంది భారతీయుల పూర్తి జన్యు గ్రంథాలు చదివిన జీనోమ్ ఇండియా పథకం మనకు ముఖ్యం. ఆ సమాచారాన్ని 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చారు. మన కొలబద్ద ఇప్పుడిప్పుడే తయారవుతోంది.

ఒకసారి ఇచ్చిన ఉమ్మి తిరిగి రాదు

23అండ్‌మీ కంపెనీకి దాదాపు కోటిన్నర మంది ఖాతాదారులు ఉండేవారు. 2023లో దొంగలు చొరబడి సుమారు 69 లక్షల మంది వివరాలు చూశారు. 2025 మార్చిలో ఆ కంపెనీ దివాలా రక్షణ కోరుతూ కోర్టుకు వెళ్లింది. అంతమంది జన్యు సమాచారం ఎవరి చేతికి వెళుతుందన్న ఆందోళన మొదలైంది. బ్యాంకు పాస్‌వర్డ్ పోతే మార్చుకోవచ్చు. డీఎన్ఏను మార్చుకోలేం. పైగా అది ఒక్కరిది కాదు. పిల్ల ఇచ్చిన ఉమ్మిలో అమ్మీ, అబ్బా, అన్నదమ్ముల సంగతి కూడా కొంత ఉంటుంది. మన దేశంలో 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు పిల్లల సమాచారానికి తల్లిదండ్రుల అనుమతి కావాలి. అనుమతి ఇచ్చే తల్లిదండ్రులకు ఇదంతా ఎవరైనా చెబుతున్నారా అన్నదే మా ప్రశ్న.

మరి చేయించవలసిన పరీక్ష ఏది?

జన్యుశాస్త్రం వద్దని మేము అనడం లేదు. ఎక్కడ అది నిలకడగా, సూటిగా చెప్పగలదో అక్కడ మనం దాన్ని వాడుకోవడం లేదు. మా బాధ అది.

మన సికింద్రాబాద్‌కు మలేరియా చరిత్రలో చోటుంది. బేగంపేటలో 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశారు. ఆ మలేరియా వేల ఏళ్లుగా మనుషుల రక్తం మీద కూడా ముద్ర వేసింది. తలసేమియా, సికిల్ సెల్ జన్యువుల్లో ఒక్క ప్రతి మోస్తున్నవారికి మలేరియా నుంచి కొంత రక్షణ దొరికేది. అందుకే మలేరియా ఎక్కువగా ఉన్న నేలల్లో ఆ జన్యువులు నిలిచిపోయాయి. మన దేశంలో వందలో సగటున ముగ్గురు నలుగురు తలసేమియా జన్యువు మోస్తున్నారు. వాళ్లు ఆరోగ్యంగానే ఉంటారు. కాస్త రక్తం తక్కువగా ఉందని ఐరన్ మాత్రలు వాడుతూ, అసలు సంగతి తెలియకుండానే గడిపేస్తారు.

అలాంటి ఇద్దరికి నిఖా జరిగితే, ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ప్రమాదం ఉంది. పుట్టిన బిడ్డకు తలసేమియా మేజర్ వస్తే రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఒంట్లో పేరుకునే ఇనుమును తీసే మందులు జీవితాంతం వాడాలి. మన దేశంలో ఏటా 10,000 నుంచి 12,000 మంది పిల్లలు ఈ జబ్బుతో పుడుతున్నారని అంచనా. హైదరాబాద్‌లో తలసేమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ ఇలాంటి పిల్లల కోసమే 1998 నుంచి పని చేస్తోంది. రక్తం కోసం ఎదురుచూసే ఆ పసివాళ్లను ఒకసారి చూసినవారు మరచిపోలేరు.

దీన్ని పట్టుకోవడానికి రంగుల రిపోర్టు అక్కర్లేదు. మామూలు సీబీపీ, దానితో పాటు హెచ్‌పీఎల్‌సీ పద్ధతిలో హిమోగ్లోబిన్ ఏ2 పరీక్ష చాలు. అది చాలావరకు సూటిగా చెబుతుంది. అవసరమైతే నిమ్స్‌లోని మెడికల్ జెనెటిక్స్ విభాగం లాంటి చోట సలహా తీసుకోవచ్చు. ఇరాన్ 1997లో, సౌదీ అరేబియా 2004లో నిఖాకు ముందు ఇలాంటి పరీక్షను తప్పనిసరి చేశాయి. అక్కడ చేసినది మన బస్తీలో చేయలేమా?

మన ఇళ్లలో దగ్గరి బంధువుల మధ్య సంబంధాలు మామూలే. మన పొరుగున ఉన్న హిందూ కుటుంబాల్లో మేనరికం ఉన్నట్టే. ఇందులో ఎవరినీ నిందించేది లేదు. అయితే ఒకే తాత నుంచి వచ్చిన ఒకే లోపపు జన్యువు ఇద్దరిలోనూ ఉండే అవకాశం అలాంటి జంటల్లో ఎక్కువ. ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌ఫర్డ్ పట్టణంలో వేల కాన్పులు గమనించి 2013లో వెలువరించిన అధ్యయనంలో, బిడ్డకు పుట్టుకతో లోపాలు ఉండే ప్రమాదం తల్లిదండ్రులు పినతండ్రి, మేనమామ పిల్లల వరసైన జంటల్లో 3 శాతం నుంచి 6 శాతానికి పెరిగిందని తేలింది. అంటే 94 మంది బిడ్డలు బాగానే పుట్టారు. కాని ముందే పరీక్ష చేయించుకుంటే, ఆ మిగిలిన వారిలో కొందరి కష్టం తప్పించవచ్చు.

ఒక్క హెచ్చరిక. క్యారియర్ అని తేలిన అమ్మాయి సంబంధం ఆ మాటతో తప్పిపోకూడదు. ఆమెకు జబ్బు లేదు. తలసేమియా మేజర్ ప్రమాదం ఇద్దరూ క్యారియర్లు అయినప్పుడే. కాబట్టి పరీక్ష అబ్బాయికీ చేయాలి, అమ్మాయికీ చేయాలి. ఫలితం ఆ రెండు కుటుంబాల మధ్యే ఉండాలి.

మేము తీసుకున్న నిర్ణయం

దాతలకు మా సమాధానం ఇది. ప్రతిభ తెలుసుకోవడానికి పిల్లలకు జన్యు పరీక్షలు చేయించే ఖర్చు సొసైటీ నుంచి పెట్టబోం. స్కాలర్‌షిప్ ఇచ్చేటప్పుడు అలాంటి రిపోర్టు ఎవరు తెచ్చినా చూడబోం. పిల్లల మార్కులు, వాళ్ల ఉపాధ్యాయుల మాట, ఇంటి పరిస్థితి, వాళ్ల ఆసక్తి, ఈ నాలుగే మాకు ఆధారం. వాటికి బదులు, పెళ్లి ఈడుకు వచ్చిన పిల్లలకు తలసేమియా పరీక్ష చేయించే శిబిరం ఏటా ఒకసారి బొల్లారంలో పెట్టాలని తీర్మానించాం. ఒక్కరి జన్యు రిపోర్టుకు అయ్యే డబ్బుతో ఇక్కడ చాలామందికి ఈ పరీక్ష చేయించవచ్చు. మీ సదఖాలో కొంత దీనికి కేటాయిస్తే, దాని ఫలం ఇంకా పుట్టని పిల్లలకు కూడా అందుతుంది.

సొంత డబ్బుతో సరదాగా చేయించుకునేవారిని మేము వద్దనం. అలాంటివారు నాలుగు మాటలు గుర్తు పెట్టుకుంటే చాలు:

– రుచులు, అలవాట్ల గురించి చెప్పేది చదివి నవ్వుకోండి, మీ అనుభవంతో పోల్చి చూడండి.

– జబ్బు గురించి ఏదైనా వస్తే భయపడకండి, మందులు మార్చకండి. ముందు డాక్టర్‌కు చూపించి, వైద్య ప్రయోగశాలలో మళ్లీ పరీక్ష చేయించండి.

– మీ సమాచారం ఎవరికి ఇస్తున్నారో, తర్వాత తుడిపించుకునే వీలుందో లేదో సంతకానికి ముందే చదవండి.

– పిల్లల పేరుతో మాత్రం చేయించకండి. పెద్దయ్యాక కావాలనుకుంటే వాళ్లే చేయించుకుంటారు.

ఆ తండ్రిని మేము ఇంకోసారి పిలిచి కూర్చోబెట్టాం. ఇక్కడ రాసినదంతా ఆయనకు మామూలు మాటల్లో చెప్పాం. ఆయన చాలాసేపు ఆ రిపోర్టు తిరగేశారు. చివరికి కూతురివైపు చూసి, "మరి కాకరకాయ సంగతే తప్పు చెప్పినప్పుడు లెక్కల సంగతి ఏం చెబుతుందిలే బేటా" అన్నారు. శాస్త్రం ప్రకారం ఆ మాట అంత సరైనది కాదని మాకు తెలుసు. అయినా ఆ రోజుకు అది చాలనుకున్నాం.

ఆ పాప ఇప్పుడు టెన్త్ చదువుతోంది. ఈ ఏడాది కూడా మీ స్కాలర్‌షిప్ అందుకుంది. ఇన్షా అల్లాహ్, వచ్చే ఏడాది ఎంపీసీలో చేరుతుంది.